భోజనాల బల్ల మీద రెండు వరుసలు

మా ఇంటి రౌటర్ గోడకున్న ప్లగ్గులో తిన్నగా ఇమడదు. దాని పిన్నులు గుండ్రనివి. ఈ దేశపు ప్లగ్గు రంధ్రాలు సన్నని చీలికలు. నడుమ ఒక తెల్లని కన్వర్టర్ పెడితే తప్ప దానికి కరెంటు అందదు. స్కార్‌బరోలో మా అబ్బాయి ఆండ్రూ ఇల్లు కొన్న సంవత్సరం, నేనూ నా భార్య రూపవతీ ఇక్కడికి వచ్చి స్థిరపడినప్పుడు, రాజమండ్రి నుంచి నేను స్వయంగా నా పెట్టెలో తెచ్చిన వస్తువది. ఒక పక్క ఆవకాయ డబ్బా, ఇంకో పక్క కీర్తనల పుస్తకాలు, మధ్యలో మడతపెట్టిన పంచెలో ఈ రౌటర్. ఆండ్రూ చూసి నవ్వాడు. తాను ఎంచుకున్న చిన్న ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన మోడెమ్‌లో వైఫై లేదని తెలిశాక నవ్వు మాని దీన్నే తగిలించాడు. ఆనాటి నుంచి పైన మేము ముగ్గురం, కింద బేస్‌మెంట్‌లో అద్దెకుండే ముగ్గురు విద్యార్థినులు, అందరం దాని మీదనే ఆధారపడి ఉన్నాం. దాని యాప్ నా ఫోన్‌లో ఉంటుంది; బాగోగులు నావి. ఆ నెట్‌వర్క్‌కు ‘బేతేలు’, అంటే దేవుని ఇల్లు, అని పేరు పెట్టినదీ నేనే.

కాలేజీలు తలుపులు మూసి, పాఠాలన్నీ తెరల మీదికి వచ్చిన చలికాలం సంగతి ఇది. విమానాలు మాత్రం మన పిల్లల్ని దింపుతూనే ఉండేవి. మా బేస్‌మెంట్‌లోని అమృత, మృదుల ఆ డిసెంబరులోనే వరంగల్ నుంచి వచ్చారు. మూడవ అమ్మాయి అబిగేల్‌ది పాలకొల్లు దగ్గర. ఆమె వచ్చి అప్పటికి రెండో సంవత్సరం. యంత్ర భాగాలకు డ్రాయింగులు గీసే కోర్సు చదువుతోంది. తెల్లవారకముందే బస్సెక్కి ఒక బేకరీలో పనిచేసి, తిరిగొచ్చి, మెట్ల మీది మంచును ఎవరూ అడగకుండానే పారతో ఎత్తిపోసి, ఆ తర్వాత పాఠాలకు కూర్చునేది. ముప్పై ఏళ్లకు పైగా మిషన్ హైస్కూలులో ఇంగ్లీషు బోధించి, ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసినవాణ్ని. క్రమశిక్షణ అన్న మాటను సులువుగా వాడను. ఆ అమ్మాయి విషయంలో వాడతాను.

ఆ జనవరిలో అబిగేల్‌కు ఒక ఇంటర్వ్యూ వచ్చింది. ఇక్కడికి గంటన్నర దూరంలోని కేంబ్రిడ్జ్ అనే ఊళ్లో, లోహపు భాగాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో, చదువులో భాగంగా చేయవలసిన కో-ఆప్ ఉద్యోగం. అది పూర్తయితేనే ఆమె కోర్సు పూర్తవుతుంది. కోర్సు పూర్తయితేనే వర్క్ పర్మిట్‌కు అప్లై చేయవచ్చు. అంతకుముందు ఎన్నో చోట్ల ప్రయత్నించింది, ఎవరూ పిలవలేదు. ఆ టర్ముకు ఇక మిగిలిన అవకాశం అదొక్కటే. ఇంటర్వ్యూ సోమవారం ఉదయం, వీడియోలో. తాను గీసిన డ్రాయింగును తన లాప్‌టాప్‌లోనే తెరిచి, వాళ్లు అడిగిన మార్పులు వాళ్ల కళ్ల ముందే చేసి చూపాలి. ఆ డ్రాయింగు సాఫ్ట్‌వేర్ బరువైనది. దాన్ని నడపడానికే ఆమె ఇక్కడికి వచ్చాక కూడబెట్టుకుని ఆ లాప్‌టాప్ కొన్నది. అమృత, మృదులల లాప్‌టాప్‌లలో అది తెరుచుకోదు.

శనివారం సాయంత్రం నా ఫోన్‌లో ఒక సూచన కనిపించింది. రౌటర్‌ను లోపల నుంచి నడిపే ఫర్మ్‌వేర్ కొత్తది వచ్చిందనీ, భద్రత దృష్ట్యా వెంటనే అప్‌డేట్ చేయవలసిందనీ దాని సారాంశం. ఇటువంటి సూచనలను చివరి వాక్యం వరకు చదివి, ఆ తర్వాతే సమ్మతి తెలపడం నా పద్ధతి. చదివాను, భాష సక్రమంగా ఉంది, సమ్మతించాను. రౌటర్ దీపాలు ఆరి, మళ్లీ వెలిగాయి. నా ఫోన్ ఎప్పటిలాగే పనిచేసింది. నిశ్చింతగా నిద్రపోయాను.

ఆదివారం మా తెలుగు క్రైస్తవ సంఘం ఆరాధన జూమ్‌లో జరిగేది. ఆండ్రూ టీవీ పెడితే నెట్‌వర్క్ దొరకలేదు. తన లాప్‌టాప్ తెచ్చాడు; అందులో ఇరుగుపొరుగు వాళ్ల వైఫై పేర్లన్నీ కనిపించాయి గాని ‘బేతేలు’ కనిపించలేదు. ఆరాధన అంతా నా ఫోన్ తెర మీద, ముగ్గురం తలలు ఆనించుకుని చూశాం. ప్రసంగం సగంలో ఉండగా అబిగేల్ మెట్లెక్కి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ప్రార్థన ముగిసేదాకా ఆగింది. ఆ తర్వాత మెల్లగా చెప్పింది, తన లాప్‌టాప్‌కు నెట్ రావడం లేదని.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఇంట్లో మరమ్మతు మొదలైంది. మరమ్మతు అని ఒక్కటిగా చెబుతున్నాను గాని అవి నాలుగైదు, ఒకదానికొకటి తెలియకుండా సాగినవి. ఆండ్రూ ఒక డేటా సెంటర్‌లో పనిచేస్తాడు. రౌటర్ వెనుక చిన్న రంధ్రంలో సూది గుచ్చి దాన్ని మొదటి స్థితికి తెచ్చి, నా ఫోన్‌లోంచే పేరు మళ్లీ ఎక్కించి, పాస్‌వర్డ్ మార్చాడు. అది తెలియని మృదుల, కాసేపయ్యాక తన లాప్‌టాప్ కూడా ఆగిపోయేసరికి, పైకి వచ్చి ప్లగ్గు పీకి పెట్టి వెళ్లింది. అమృత దాన్ని అలమారు మీదికి మార్చి యాంటెన్నాలు తిప్పింది. పాస్‌వర్డ్ మారడమే కారణమనుకుని ఆండ్రూ మళ్లీ పాతదే పెట్టాడు. నేను కంపెనీ వారికి ఫోన్ చేసి, సమస్యను ఆద్యంతం సక్రమమైన ఇంగ్లీషులో వివరించాను. వారు ఎంతో మర్యాదగా విని, రౌటర్ తమది కాదు గనుక తాము చేయగలిగింది లేదన్నారు.

వేరే దారులూ వెతికాం. ఫోన్ ద్వారా లాప్‌టాప్‌కు నెట్ అందించి చూశారు. మాట వినిపించింది గాని డ్రాయింగును తెర మీద పంచుకోగానే బొమ్మ బిగుసుకుపోయింది. వైరు గుచ్చుదామంటే ఆ సన్నని లాప్‌టాప్‌కు అందుకు తగిన రంధ్రమే లేదు. కొత్త రౌటర్ కోసం ఆండ్రూ వెతికాడు. అందరూ ఇళ్లలో కూర్చుని పనిచేస్తున్న రోజులవి, సమీపంలోని ఏ దుకాణంలోనూ స్టాకు లేదు. ఆర్డర్ పెడితే గురువారానికి వస్తుందన్నారు.

ఇంటర్వ్యూ వాయిదా వేయమని ఒక ఉత్తరం రాయిద్దామని నేను సూచించాను. అబిగేల్ తల వంచుకుని, నాకు మాత్రమే వినిపించేలా అంది.

“వేస్తారు అంకుల్. వేసి, తర్వాత ఉన్న వాళ్లని పిలుచుకుంటారు. ఆ లైన్లో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు.”

ఉత్తరం కోసం తీసిన కలం మళ్లీ జేబులో పెట్టుకున్నాను.

అప్పటిదాకా రూపవతి వంటింట్లోనే ఉంది. ఆమె మిషన్ ఆసుపత్రిలో నర్సింగ్ సూపరింటెండెంట్‌గా రిటైరైంది. వార్డులో ఆమె నడిచి వస్తుంటే హౌస్ సర్జన్లు సైతం స్టెతస్కోపులు సర్దుకునేవారని విన్నాను. నమ్మడానికి నాకు కష్టమేమీ కలగలేదు. చేతులు తుడుచుకుంటూ వచ్చి, రౌటర్ దగ్గర గుమిగూడిన మమ్మల్ని చూసింది.

“అందరూ చేతులు తీయండి దాని మీద నుంచి,” అంది. “ఇంతమంది పిసికితే జ్వరం ఎక్కడిదో ఎవడికి తెలుస్తుంది?”

“మమ్మీ, ఇది మెడికల్ కేస్ కాదు,” అన్నాడు ఆండ్రూ. “రీసెట్ చేశా, రీబూట్ చేశా, పాస్‌వర్డ్ మార్చా. హార్డ్‌వేర్ పోయింది, అంతే.”

“నాడి చూడకుండా పోయిందంటావేంట్రా? ఎవరెవరు ఏం చేశారో మొదట్నుంచీ చెప్పండి. ఏమండీ, మీరు?”

“నేను అప్‌డేట్ చేశాను. కంపెనీవారి సూచన మేరకే చేశాను.”

“సూచన సంగతి తర్వాత. మీ చెయ్యి మొదటిది. తర్వాత?”

ఒక్కొక్కరం చెప్పాం. ఉదయమే తన లాప్‌టాప్‌లోంచి ‘బేతేలు’ను చెరిపేశానని అబిగేల్ కూడా చెప్పింది. ఒకరు చేసినది రెండోవారు అప్పుడే విన్నారు. మృదుల ప్లగ్గు పీకిన సమయానికే ఆండ్రూ సెట్టింగులు భద్రపరుస్తున్నాడని తెలిసి ఇద్దరూ నాలుక కరుచుకున్నారు. అయిదుగురు వైద్యులు, ఒకరికి చెప్పకుండా ఒకరు, ఒకే రోగికి అయిదు మందులు ఇచ్చారన్నమాట. రూపవతి ఎవరినీ మందలించలేదు. ఇక తాను చెప్పేవరకు ఎవరూ దాన్ని తాకకూడదని మాత్రం ఆజ్ఞాపించి, ఇంట్లో నెట్ వాడే ప్రతి వస్తువునూ, దాని ఛార్జర్‌తో సహా, భోజనాల బల్ల మీదికి తెమ్మంది. ఛార్జర్ ఎందుకని అమృత అడిగింది. రోగి తన కంచం, గ్లాసుతోనే అడ్మిట్ కావాలని సమాధానం.

ఆమెకు వైఫై గురించి ఏమీ తెలియదు. తెలుసని ఆమె అనలేదు కూడా. తెలియని రోగం ముందు ఏం చేయాలో మాత్రం ఆమెకు తెలుసు. దాన్ని నేను ఇన్నేళ్ల దాంపత్యంలో మొదటిసారి కళ్లారా చూశాను. ఆమె ఉద్యోగం ఆసుపత్రిలో, నాది బడిలో కదా.

ప్రతి వస్తువునూ చేతికి తీసుకుని ఒకే ప్రశ్న అడిగింది. దీంట్లో ‘బేతేలు’ పేరు కనిపిస్తోందా, లేదా? నెట్ వేగంగా ఉందా, నిన్న ఎలా ఉంది అన్న మాటలను మొదట్లోనే ఆపేసింది. కనిపించే వాటిని కిటికీ వైపు, కనిపించని వాటిని గోడ వైపు, వార్డులో మంచాల్లాగా రెండు వరుసలుగా పేర్చింది. కిటికీ వైపు నా ఫోన్, ఆమె ఫోన్, అమృత, మృదులల ఫోన్లు, లాప్‌టాప్‌లు, చివర అబిగేల్ ఫోన్. గోడ వైపు ఆండ్రూ ఫోన్, లాప్‌టాప్, అబిగేల్ లాప్‌టాప్. టీవీని గోడ నుంచి ఊడదీసి తేలేం గనుక దాని బదులు రిమోట్‌ను తెచ్చి ఆ వరుసలో పడుకోబెట్టింది.

మృదుల ఆ వరుసలను చూసి కిసుక్కున నవ్వింది.

“మొన్న దిగినోళ్లకేమో నెట్ ఉంది, పీఆర్ ఉన్నోళ్లకు లేదు. గిట్ల ఈ ఇంట్లోనే ఆంటీ, బయటంతా ఉల్టా.”

పీఆర్ అంటే ఈ దేశంలో శాశ్వత నివాసపు హక్కు. అందరం నవ్వాం, అబిగేల్ తప్ప. రూపవతి నవ్వుతూనే ఆ అమ్మాయి వైపు ఒకసారి చూసి, మళ్లీ వరుసల మీదికి వంగింది.

వయసు వల్లనా అని మొదట ఆలోచించింది. ఆండ్రూ ఫోన్ కొత్తదే, మృదుల లాప్‌టాప్ కూడా కొత్తదే. రెండూ వేర్వేరు వరుసల్లో ఉన్నాయి. కాదంది. ఉండే చోటు వల్లనా? పై అంతస్తు వస్తువులూ కింది వస్తువులూ రెండు వరుసల్లోనూ కలిసిపోయి ఉన్నాయి. అదీ కాదంది. తయారుచేసిన కంపెనీ వల్లనేమోనని ఆండ్రూ అన్నాడు. ఆండ్రూ ఫోన్, అబిగేల్ ఫోన్ ఒకే కంపెనీవి. ఒకటి గోడ వైపు, ఒకటి కిటికీ వైపు. ఒక్కొక్క అనుమానాన్నీ ఆమె చేతి వేలితో బల్ల మీద కొట్టి తోసేసేది. ఊహించేటప్పుడు తొందరపడలేదు, తప్పని తేలితే బాధపడలేదు. నా విద్యార్థుల్లో ఈ గుణం కోసం నేను ఎంతో శ్రమించాను. ఎంతమందిలో చూశానో చెప్పలేను.

అనుమానాలన్నీ అయిపోయాయి. ఛార్జర్లను సర్దబోయి, ఒకదాన్ని ఎత్తి పట్టుకుంది. అది అమృత ఛార్జర్. గుండ్రని పిన్నులు, ముందర ఒక కన్వర్టర్. పక్కనున్న మృదుల ఛార్జర్‌నూ చూసింది. నా ఛార్జర్‌నూ చూసింది. గోడ వైపు వరుసలోని ఛార్జర్ల పిన్నులన్నీ పలుచగా, సూటిగా ఉన్నాయి. అప్పుడు తలెత్తి అలమారు మీది రౌటర్ తీగ వెంబడి ప్లగ్గు దాకా చూపు సాగించింది. అక్కడా ఒక తెల్లని కన్వర్టర్ ఉంది.

“అబిగేల్, నీ ఫోను ఎక్కడ కొన్నావమ్మా?”

“భీమవరంలో ఆంటీ, వచ్చేముందు.”

“లాప్‌టాప్?”

“ఇక్కడే. కాలేజీలో చేరాక.”

“అదన్నమాట,” అంది రూపవతి. “అక్కడ పుట్టినవి అన్నీ దాన్ని గుర్తుపడుతున్నాయి. ఇక్కడ పుట్టినవి ఒక్కటీ గుర్తుపట్టడం లేదు. ఎందుకో నాకు తెలీదు. మీ కంప్యూటర్ చదువులో ఎవరికైనా తెలిస్తే ఇప్పుడు చెప్పండి.”

ఆండ్రూ తన ఫోన్‌ను తిప్పి చూసుకున్నాడు. జవాబు అమృత నుంచి వచ్చింది.

“ఛానెల్ అయ్యుంటది ఆంటీ. మా బీటెక్‌లో ఒక పేజీ ఉండె. పరీక్షకు వదిలేసినం.”

అమృత చెప్పినది నాకు అర్థమైనంతలో ఇది. వైఫైకి రేడియో స్టేషన్లలాగా వరుస సంఖ్యలుంటాయి. మన దేశంలో పదమూడు వరకు వాడుకోవచ్చు. ఇక్కడ పదకొండుతో ఆపేస్తారు. అందుచేత ఇక్కడ అమ్మే యంత్రాలు చాలా వరకు పన్నెండు, పదమూడులవైపు తొంగి కూడా చూడవు. రాజమండ్రిలో రౌటర్ అమర్చిన మనిషి ఒక సంఖ్యను స్థిరంగా పెట్టి ఇచ్చాడు, ఇన్నేళ్లూ ఇబ్బంది రాలేదు. అప్‌డేట్ ఆ అమరికను చెరిపి, నచ్చిన సంఖ్యను రౌటర్‌నే ఎంచుకోమంది. మా వీధిలో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. కింది సంఖ్యలన్నీ కిక్కిరిసి ఉన్నాయి. రౌటర్ తనకు తెలిసిన చట్టం ప్రకారం ఖాళీగా ఉన్న చోటుకు వెళ్లి కూర్చుంది.

అమృత తన ఫోన్‌లో ఏదో తెరిచి, సంఖ్య చూసి, ఫోన్‌ను రూపవతి ముందు పెట్టింది. పదమూడు.

ఆండ్రూ వెంటనే నా ఫోన్ అందుకోబోయాడు. రూపవతి అతని మణికట్టు పట్టుకుంది.

“ఒక్కటే మార్చాలి. అదొక్కటే. మార్చాక అందరూ ఊరుకోవాలి. మీరు మార్చండి,” అని నాతో అంది.

ఆ గౌరవం నాకు ఎందుకిచ్చిందో అడగలేదు. యాప్ తెరిచి, అమృత చెప్పిన చోట, ‘ఆటో’ అన్నదాన్ని తీసి, ఆరు అని పెట్టాను. రౌటర్ దీపాలు ఆరాయి. మళ్లీ వెలిగాయి. గోడ వైపు వరుసలో మొదట ఆండ్రూ ఫోన్ మోగింది. ఆగి ఉన్న సందేశాలన్నీ ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. అబిగేల్ తన లాప్‌టాప్‌ను దగ్గరికి లాక్కుంది. ఉదయం తానే అందులోంచి ‘బేతేలు’ను చెరిపేసింది గనుక పాస్‌వర్డ్ మళ్లీ కొట్టాలి. మొదటిసారి తప్పు కొట్టింది. రూపవతి ఆమె వీపు మీద చేయి వేసి ఉంచింది. రెండోసారి నెట్ వచ్చింది.

పిల్లలు కేకలు వేస్తారనుకున్నాను. అబిగేల్ లాప్‌టాప్ మూసి, రెండు చేతులూ దాని మీద ఉంచి, కళ్లు మూసుకుంది. మా ఇంట్లో అది ఏమిటో అందరికీ తెలుసు. తక్కినవాళ్లం కూడా తలలు వంచాం. వరంగల్ పిల్లలిద్దరూ మాతోపాటు ఆగారు.

రూపవతి తన మందుల డబ్బాలోంచి తెల్లని ప్లాస్టరు ముక్క చించి, దాని మీద ఆరు అంకె వేసి, రౌటర్ నుదుట అతికించింది. కింద తన సంతకపు తొలి అక్షరం పెట్టింది.

సోమవారం ఉదయం అబిగేల్ భోజనాల బల్ల దగ్గరే కూర్చుంది. రౌటర్‌కు అదే దగ్గర. ఇస్త్రీ చేసిన తెల్లని చొక్కా వేసుకుంది. రూపవతి అలమారు పక్కన కుర్చీ వేసుకుని, తాను ఎప్పుడూ అల్లే నరసాపురం లేసు పని చేతిలో పెట్టుకుని, రోగి పక్కన డ్యూటీలో ఉన్నట్టు కూర్చుంది. మైక్రోవేవ్ ఆడితే ఆ సంఖ్యల మీద వైఫైకి అడ్డు వస్తుందని అమృత చెప్పినందున వంటింటి మీద నిషేధం విధించబడింది. ఆండ్రూ రొట్టె ముక్క నోట కరుచుకుని డ్యూటీకి పోయాడు. నా కాఫీ నా ముందే చల్లారింది.

నేను పక్క గదిలో పత్రిక పట్టుకుని కూర్చున్నాను. చదివానని చెప్పను. ఫ్యాక్టరీ తరఫున ఇద్దరు మాట్లాడారు, ఒక స్త్రీ, ఒక పురుషుడు. డ్రాయింగు తెరవమన్నారు. ఒక రంధ్రాన్ని జరపమన్నారు, ఒక అంచు మందాన్ని తగ్గించమన్నారు. అబిగేల్ చేస్తూ, ఏం చేస్తోందో చెబుతూ పోయింది. బొమ్మ ఒక్కసారి కూడా ఆగలేదు. ఆమె ఇంగ్లీషులో ఒకచోట చిన్న మాట జారింది. దిద్దాలన్న కోరిక నాకు కలగలేదు.

ఆ తర్వాత ఆ స్త్రీ, కారణం తెలియని చిక్కు ఎదురైతే ఎలా ఛేదిస్తావో ఈమధ్య జరిగిన ఉదాహరణతో చెప్పమంది. కాలేజీలో ఇటువంటి ప్రశ్నకు ఒక జవాబు తయారుచేయించి ఉంటారు. దాన్ని అబిగేల్ చెప్పలేదు. నిన్న ఈ బల్ల మీద జరిగింది చెప్పింది. అందరూ ముట్టుకోవడం మానాలని మొదట చెప్పినది ఎవరో, రెండు వరుసలు ఎందుకు పేర్చారో, రిమోట్ ఎవరి బదులు పడుకుందో చెప్పింది. తాను చేసింది ఏమీ లేదనీ, పక్కన నిలబడి నేర్చుకున్నాననీ చెప్పింది. ఇకమీదట ఫ్యాక్టరీలో ఏ భాగం చెడినా మొదట ఎవరెవరు ముట్టుకున్నారో అడుగుతాననీ, ఒకసారికి ఒకటే మారుస్తాననీ చెప్పింది.

అవతల ఆ పురుషుడు పెద్దగా నవ్వాడు. ఇన్ని సంవత్సరాలుగా తన మనుషులకు ఈ ఒక్క సంగతి ఎక్కించలేక పోతున్నానన్నాడు. ఆ పెద్దావిడ ఇంట్లో ఉన్నారా అని అడిగాడు. అబిగేల్ లాప్‌టాప్‌ను మెల్లగా తిప్పింది. రూపవతి లేసు ఒడిలో పెట్టుకుని, వీపు నిటారుగా చేసి, వార్డు రౌండ్లలో చీఫ్ డాక్టరుకు చెప్పినట్టు వారికి గుడ్ మార్నింగ్ చెప్పింది. ఈ అమ్మాయి తెల్లవారకముందే లేచి పనికి పోయి వచ్చి చదువుతుందని, తన ఇంగ్లీషులో, అడగకుండానే చెప్పింది. అంతే. మళ్లీ లేసు అందుకుంది.

వచ్చే నెల మొదట్లో చేరగలవా అని ఆ స్త్రీ అబిగేల్‌ను అడిగింది. కాగితాలు సాయంత్రానికి మెయిల్ చేస్తామంది.

కాల్ ముగిసినా అబిగేల్ కుర్చీలోంచి కదలలేదు. మెట్ల మీద చెవులు పెట్టుకుని కూర్చున్న అమృత, మృదుల ఒక్కసారిగా పైకి వచ్చి ఆమె మీద పడ్డారు. నేను పత్రిక మడిచి గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాను. ఏదైనా తగిన మాట చెప్పవలసిన బాధ్యత నాకుందనిపించింది, వాక్యం కూర్చుకుంటున్నాను. అంతలో రూపవతి రౌటర్ దీపాలను ఒకసారి చూసి, ప్లాస్టరు అంచును బొటనవేలితో నొక్కి, లేచి నిలబడింది.

“ఏమండీ,” అంది, “ఇక మీ కాఫీ వేడి చేసుకోవచ్చు.”